ఎరిక్ హార్ట్‌మాన్ 352 విమానాలు ఎలా కూల్చగలిగాడు? యుద్ధం తర్వాత ఏమయ్యాడు?

హార్ట్‌మాన్ రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ యుద్ధవిమాన పైలట్. 352 అనేది జర్మన్ లెక్క. కొందరు చరిత్రకారులు దాన్ని పూర్తిగా ఒప్పుకోరు. కొంత తగ్గించి చూసినా అసాధారణమైన సంఖ్యే.

హార్ట్‌మాన్ 1922లో పుట్టాడు. గ్లైడర్ నడపడం తల్లి దగ్గరే నేర్చుకున్నాడు. 1942 అక్టోబరులో రష్యా యుద్ధరంగంలో 52వ ఫైటర్ దళంలో చేరాడు. మొదట్లో తడబడ్డాడు, నవంబరు 5న తొలి విమానాన్ని కూల్చాడు. గిరికీలు కొట్టే పోరాటం అతనికి నచ్చేది కాదు. ముందు శత్రువును గమనించడం, దాడి చేయాలో వద్దో తేల్చుకోవడం, బాగా దగ్గరికెళ్లి కాల్చడం, వెంటనే తప్పుకోవడం: ఇదీ పద్ధతి. అంత దగ్గర నుంచి కాల్చడంతో కూలే విమానాల శకలాలు తగిలి తన మెస్సర్‌స్మిట్ 109 యుద్ధవిమానాన్నే చాలాసార్లు దించుకోవాల్సి వచ్చింది. 1943 ఆగస్టులో అలాగే సోవియట్ సైనికులకు చిక్కి, గాయపడినట్టు నటించి తప్పించుకున్నాడు.

చివరి విజయం 1945 మే 8న. అమెరికన్లకు లొంగిపోతే వాళ్లు సోవియట్లకు అప్పగించారు. పదేళ్లు ఖైదు. 1955లో విడుదలయ్యాడు.

నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి ఘట్టం. పశ్చిమ జర్మనీ వైమానిక దళంలో చేరి, స్టార్‌ఫైటర్ జెట్ విమానాల కొనుగోలును గట్టిగా వ్యతిరేకించాడు. పైవాళ్లకు అది నచ్చలేదు. ఆ విమాన ప్రమాదాల్లో వందమందికి పైగా జర్మన్ పైలట్లు చనిపోయారు. హార్ట్‌మాన్ 1970లో ముందుగానే పదవీ విరమణ చేశాడు, 1993లో మరణించాడు.