రచ్చ, గలాటా, దొమ్మీ

సందేహం: పెద్ద నగరాల్లో జరిగే వాటిని పత్రికలు 'అల్లర్లు' అంటాయి, పోలీసులు 'దొమ్మీ' అంటారు, మా వైపు 'గలాటా' అంటాం. మా పిల్లలకైతే అంతా 'రచ్చ'. ఏది సరి? 'అల్లర్లు చెలరేగాయి' అనవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీ పిల్లల్ని కోప్పడకండి. చాలా పాత మాటే వాళ్ల నోట ఉంది. సంస్కృతంలో 'రథ్యా' అంటే రథం నడిచే వీధి. సత్యం సచ్చమైనట్టు, మిథ్య మిచ్ఛ అయినట్టు ప్రాకృతంలో అది 'రచ్ఛా' అయింది, మనకు రచ్చగా దక్కింది. గోవిందరాజస్వామి తేరు తిరిగే వీధి మీకు తెలిసిందే, అసలైన రచ్చ అదే. వీధి నుంచి నలుగురూ కూడే చోటుకు అర్థం పాకింది. అందుకే రచ్చబండ, 'ఇంట గెలిచి రచ్చ గెలువు'. ఇంటి గుట్టు అక్కడికి చేరితే రచ్చకెక్కింది అన్నాం. చోటు పేరు చివరికి గొడవ పేరైంది. ఇప్పుడు సినిమా బాగున్నా 'రచ్చ రచ్చ' అంటున్నారు, అది మాత్రం నాకు మింగుడుపడదు.

గలాటా కన్నడంలోనూ తమిళంలోనూ ఉంది, సరిహద్దు జిల్లాలో వినపడక ఏం చేస్తుంది? దొమ్మీ చట్టం మాట. కనీసం ఐదుగురు గుమిగూడి, ఒకే ఉద్దేశంతో హింసకు దిగాలి.

ఇక 'చెలరేగాయి'. వ్యాకరణం ఒప్పుకుంటుంది, నాకే ఒప్పదు. వానాకాలం దోమల్లా అల్లర్లు వాటంతటవే లేస్తాయా? లాస్ ఏంజెలిస్‌లో 1992 ఏప్రిల్ 29న ఏం జరిగింది? రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి పోలీసులు చితకబాదిన వీడియోను లోకమంతా చూసినా, జ్యూరీ ఒక్కరినీ దోషిగా తేల్చలేదు. ఆ సాయంత్రమే నగరం అంటుకుంది. 2011లో లండన్‌లోనూ మొదలు పోలీసు తుపాకీయే, టాటెన్‌హామ్‌లో మార్క్ డగ్గన్ చనిపోయాడు. అంతకుముందు 1967లో అమెరికా నగరాలు మండితే అక్కడి ప్రభుత్వం వేసిన కెర్నర్ కమిషన్ కారణాలు వెతికింది. నల్లజాతివారి ఫిర్యాదుల్లో ముందు వరసలో తేలినవి పోలీసుల తీరు, ఉద్యోగాలు లేకపోవడం, ఇళ్ల దుస్థితి. ఒక్క రాత్రిలో పుట్టినవి కావవి. మన విలేకరులు మాత్రం 'చెలరేగాయి', 'అల్లరిమూకలు' అని రెండు ముక్కలు రాసేసి టీకి వెళ్లిపోతారు.

వార్తలో అల్లర్లు, కేసులో దొమ్మీ, ఇంట్లో గలాటా అనుకోండి. 'చెలరేగాయి' తప్పని తేల్చలేను గానీ, దాని ముందు 'ఎందుకు' అన్నది ఒక వాక్యం రాయమనండి.