స్టార్టింగ్ రన్నింగ్ బ్యాక్ అయిన మేనల్లుడికి

చిన్నా,

స్కూల్లో ఆఖరిదైన ఈ సీనియర్ ఇయర్‌లో మీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి నువ్వే స్టార్టింగ్ రన్నింగ్ బ్యాక్, అంటే మొదటినుంచీ మైదానంలో ఉండి బంతి పట్టుకుని పరిగెత్తేవాడివి, అని కోచ్ ఖాయం చేశాడని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది. ఈ జూలైలో పొద్దుటి ప్రాక్టీసులు కొన్ని మానేస్తానన్నావట. "పోయినేడు పదకొండొందల యార్డులు పరిగెత్తాను, నా చోటు ఎవడు లాక్కుంటాడు?" అన్నావట. అప్పటినుంచీ మనసు కుదురుగా లేదు.

లాక్కుంటారు నాన్నా. బాగా ఆడేవాడి చోటు కూడా పోతుంది. మీ డల్లాస్ కౌబాయ్స్ జట్టులోనే చూశావు కదా. ఎజెకియల్ ఎలియట్ 2016లో, 2018లో NFL ప్రొఫెషనల్ లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ పరిగెత్తాడు. 2022లో కూడా 12 రషింగ్ టచ్‌డౌన్‌లు చేశాడు, అంటే 12 సార్లు పరిగెత్తి బంతిని అవతలి గీత దాటించాడు. కానీ ఆ ఏడు అతనికి 231 క్యారీల్లో, అంటే బంతి పట్టుకుని పరిగెత్తిన 231 సార్లలో, వచ్చింది 876 యార్డులు. అతని వెనకాలే ఉన్న టోనీ పొలార్డ్‌కి 193 క్యారీల్లోనే 1,007. 2023 మార్చిలో ఎలియట్‌ని వదిలేశారు. జీతం లెక్కా ఉందనుకో, కానీ పొలార్డ్ లేకపోతే ఆ లెక్క అంత తేలిగ్గా తేలేది కాదు.

నీ పదకొండొందలని కూడా విడదీసి చూసుకో. 20 క్యారీల్లో 120 వచ్చాయంటే గొప్పగానే ఉంటుంది. అందులో ఒకటి 70 యార్డుల పరుగైతే, మిగతా పంతొమ్మిదింటికీ కలిపి 50. క్యారీకి 2.6. స్టాండ్స్‌లో మేం ఆ ఒక్కదానికి లేచి అరుస్తాం, కోచ్ ఫిల్మ్ పెట్టుకుని ఆ పంతొమ్మిదీ చూస్తాడు. పది యార్డులు ముందుకెళ్లడానికి మనకి దొరికేవి నాలుగు అవకాశాలు, అవే డౌన్‌లు. ఫస్ట్ డౌన్‌లో 4 యార్డులు, సెకండ్ డౌన్‌లో మిగిలినదాంట్లో సగం, థర్డ్ డౌన్‌లో కావలసినంతా వస్తేనే ఆ క్యారీ పనికొచ్చినట్టు.

బంతి సంగతి. కొనమీద వేళ్లు, కింద అరచెయ్యి, ముంజెయ్యి, పైచేతి కండ, పక్కటెముకలు: ఈ ఐదు చోట్లా తగిలి ఉండాలి, మణికట్టు మోచెయ్యికన్నా పైన ఉండాలి. అలసిపోయినప్పుడు మొదట జారేది మోచెయ్యే. అది ఒంటి నుంచి దూరం జరిగిందంటే వెనకనుంచి వచ్చేవాడు అక్కడే గుద్దుతాడు. గుంపులోకి దూరేటప్పుడు రెండో చెయ్యి కూడా బంతిమీద వెయ్యి. పేట్రియట్స్ జట్టు రన్నింగ్ బ్యాక్ స్టీవన్ రిడ్లీ 2012లో 1,263 యార్డులు, 12 టచ్‌డౌన్‌లు చేసిన మనిషి. 2013లో వరసగా మూడు మ్యాచ్‌ల్లో ఫంబుల్ చేస్తే, అంటే బంతి జారవిడిస్తే, నాలుగో మ్యాచ్‌కి ఒళ్లు బాగానే ఉన్నా డ్రెస్ వేయనివ్వలేదు.

బ్లిట్జ్ పట్టుకోవడం, అంటే బంతి విసిరే మన క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే అదనపు డిఫెండర్‌ని ఆపడం: లోపలినుంచి బయటికి చూడు. మొదట లైన్ నడుమనుండే సెంటర్ పక్క సందులు, తర్వాత అతని పక్కనుండే గార్డ్ బయట, ఆఖర్న లైన్ చివర, అదే ఎడ్జ్. క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి దూరం తక్కువున్నవాడే ముందు నీ మనిషి. వాడు వచ్చేదాకా నిలబడకు, ఎదురెళ్లు.

ఇక నా అసలు భయం. జోనస్ గ్రే కథ నీకు తెలియదు, అప్పటికి నువ్వు చాలా చిన్నవాడివి. 2014లో పేట్రియట్స్ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే ప్రాక్టీసుకే తప్ప మ్యాచ్‌లకి దింపని వాళ్లలో, ఉండేవాడు. రిడ్లీ మోకాలు పోవడంతో పైకి తీసుకున్నారు. నవంబర్ 16 రాత్రి ఇండియానాపోలిస్‌లో 37 క్యారీలు, 201 యార్డులు, 4 టచ్‌డౌన్‌లు! దేశమంతా ఆ కుర్రాడి పేరే. ఆ శుక్రవారం పొద్దున ప్రాక్టీసుకి ఆలస్యంగా వచ్చాడు. ఫోన్‌లో ఛార్జ్ లేక అలారం మోగలేదు. అంతే. ఆదివారం లయన్స్‌తో మ్యాచ్‌లో ఒక్క స్నాప్ కూడా, అంటే బంతి అందించి మొదలెట్టే ఒక్క ఆట కూడా, ఆడించలేదు. ఆ వారమే మళ్లీ జట్టులోకి వచ్చిన లెగారెట్ బ్లౌంట్ 12 క్యారీల్లో 78 యార్డులు, 2 టచ్‌డౌన్‌లు చేశాడు. జట్టు 34-9తో గెలిచింది. గ్రేకి ఆ సీజన్ మొత్తం మీద వచ్చినవి 412 యార్డులు. దాదాపు సగం ఆ ఒక్క రాత్రివే. మరుసటి సెప్టెంబర్‌లో జట్టు వదిలేసింది.

ఫోన్ వల్లే పోయిందంటారు అందరూ. నాకలా అనిపించదు. బ్లౌంట్ దొరక్కపోయి ఉంటే కోచ్ నాలుగు మాటలని ఆడించేవాడేమో. ముందు నిలబడి ఎదుటివాళ్లని ఆపే లైన్ దారి తీస్తే ఆ సందులోంచి ఇంకొకడూ పరిగెత్తగలడు, అందుకే ఈ పొజిషన్‌లో మనిషిని మార్చడం తేలిక. మీ జట్టులోకి వేరే స్కూల్ నుంచి ఒక అబ్బాయి వచ్చాడని అమ్మ చెప్పింది. వాడు జూలైలో రోజూ పొద్దున్నే మైదానంలో ఉంటాడు. నువ్వు పడుకుని ఉన్న ప్రతి పూటా నీ స్నాప్‌లు వాడు తీసుకుంటాడు, బ్లిట్జ్ పట్టుకోవడం వాడు నేర్చుకుంటాడు.

తిడుతున్నాననుకోకు రా. ఏడేళ్లప్పుడు మా ఇంటి వెనక గడ్డిలో రబ్బరు బంతిని గుండెకి అదుముకుని, "మావయ్యా, వదల్లేదు చూడు!" అంటూ మొహమంతా మట్టితో లేచేవాడివి. ఆ పట్టే ఇప్పుడూ పట్టు.

ఒక టేబుల్ గడియారం కొరియర్ చేశాను. సెల్ వేసే రకం, ఛార్జింగ్ అక్కర్లేదు. మంచం పక్కన పెట్టుకోకు. గది అవతలి గోడ దగ్గర, లేచి నడిస్తేగానీ అందని చోట పెట్టు. ఐదుంపావుకి అలారం పెట్టే పంపించాను.

మీ మావయ్య