బ్యాంకాక్‌లో మొదటి రోజు: హారన్ లేని ట్రాఫిక్, చెవికి తెలిసిన మాటలు

మొదటిసారి బ్యాంకాక్ వెళ్తున్నాను, దిగగానే ఎలా అనిపిస్తుంది, ఆ రద్దీ కంగారు పెడుతుందా అని ఒకరు అడిగారు. నేను 2019 ఫిబ్రవరిలో మా తమ్ముడితో కలిసి వెళ్లి ఐదు రోజులున్నాను. కంగారు మొదటి అరగంటే.

ఎయిర్‌పోర్టు నుంచి రైలెక్కి ఫయా థాయ్ స్టేషన్‌లో దిగాం. కింద రోడ్డు నిండా కార్లు, గులాబీ రంగు టాక్సీలు, వాటి సందుల్లోంచి దూరిపోతూ నారింజ రంగు జాకెట్ల బైక్ టాక్సీవాళ్లు. సాయంత్రం అమీర్‌పేటలో ఎంత రద్దీ ఉంటుందో అంతా ఉంది. కానీ ఏదో తక్కువైనట్టుంది. ఏమిటా అని చూస్తే, హారన్లు! సిగ్నల్ దగ్గర అంతసేపు ఆగినా ఒక్కరూ కొట్టలేదు. హైదరాబాద్‌లో పెరిగిన నాకు అది ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. ఆ ఊరి మీద ఇష్టం నాకు అక్కడే మొదలైంది.

రెండోది మాటలు. దీని గురించి వెళ్లేముందు నాకెవరూ చెప్పలేదు. ఎయిర్‌పోర్టు పేరు సువర్ణభూమి. మనం చదివినట్టే పలికితే హోటల్ అమ్మాయికి అర్థం కాలేదు. వాళ్లు ‘సువన్నఫూమ్’ అంటారట. ఇంకా ఏమేం కలుస్తాయో అని అడుగుతూ పోయాను. భాషని ‘ఫాసా’ అంటారు. ఆదివారం ‘వాన్ ఆథిత్’, అంటే ఆదిత్యుడి రోజు. ఫోన్‌ని ‘థోరసప్’ అంటారు, అది దూరశబ్దం! మనం టెలిఫోన్‌ని టెలిఫోన్‌గానే ఉంచుకున్నాం, వాళ్లు సంస్కృతం నుంచి ఇంత చక్కటి మాట కట్టుకున్నారు. నది ఒడ్డున ఉన్న వాట్ అరుణ్ గుడి మన అరుణుడి పేరుతోనే ఉంది. దాని గోపురాల మీద అతికించిన చైనా పింగాణీ ముక్కల్ని దగ్గరికెళ్లి చూడండి, దూరం నుంచి అవి తెలియవు. నడిబజారులో ఎరావాన్ గుడి ఉంది. ఎరావాన్ అంటే ఐరావతం, లోపల ఉన్నది నాలుగు ముఖాల బ్రహ్మ. చుట్టూ షాపింగ్ మాల్స్, పైన వంతెన మీద నడిచే స్కైట్రైన్, మధ్యలో ఆఫీసుకెళ్లేవాళ్లు ఆగి అగరొత్తులు వెలిగించి దండం పెట్టుకుంటున్నారు. మన దగ్గర బ్రహ్మకి గుళ్లు అరుదు కదా, చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

శాకాహారులైతే ఇదే మాటల చుట్టరికం కడుపు కూడా నింపుతుంది. శాకాహారాన్ని ‘మాంగ్సవిరత్’ అంటారు, మాంసవిరతి. అయితే ఆ మాట చెప్పినా కొందరు చేపల సాస్ వేసేస్తారు, మా తమ్ముడికి అలాగే జరిగింది. ‘జే’ అని అడగండి, అంటే ఇంకా కఠినమైన శాకాహారం. పసుపు జెండా మీద ఆ మాట ఎర్ర అక్షరాల్లో ఉన్న కొట్లలో గుడ్డు, చేపల సాస్ కూడా వాడరు. ఉల్లి, వెల్లుల్లి ఉండవు, రుచి చప్పగా అనిపించొచ్చు.

ఒక జాగ్రత్త. గ్రాండ్ ప్యాలెస్ దగ్గర ఒకాయన మర్యాదగా వచ్చి, ఈరోజు మూసేశారు, వేరే గుడికి టుక్‌టుక్‌లో తీసుకెళ్తానన్నాడు. నమ్మి ఎక్కాం, నగల కొట్టు ముందు దింపాడు. సగం పూట పోయింది, బాధేసింది. ఎవరేం చెప్పినా గేటు దాకా నడిచి వెళ్లి చూసుకోండి.

ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామని టెన్షన్ ఉంటే సేన్ సేప్ కాలువ పడవ ఎక్కండి. నీళ్లు వాసనొస్తాయి, తుంపర్లు పడకుండా పక్కనున్నవాళ్లు తాడు లాగి టార్పాలిన్ పట్టా పైకెత్తుతారు, మీరూ ఓ చెయ్యి వేయండి.

సాయంత్రం ఆరింటికి మేం స్కైట్రైన్ స్టేషన్‌లో ఉన్నాం. స్పీకర్లలో జాతీయగీతం మొదలైంది. పరుగెత్తుతున్నవాళ్లు సైతం ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. మాకు విషయం తెలియక నాలుగడుగులు వేసి ఆగాం. పొద్దున ఎనిమిదింటికి కూడా వేస్తారు. మీరు మొదటి అడుగులోనే ఆగండి.