అమెరికా అధ్యక్షుడు వీటో చేస్తే ఆ బిల్లు ఇక అంతేనా?

రూల్ ప్రకారం కాదు, కానీ చాలాసార్లు అంతే అవుతుంది. రెండు సభలూ పాస్ చేసిన బిల్లు అధ్యక్షుడి దగ్గరికి వచ్చాక ఆదివారాలు తీసేసి 10 రోజుల టైమ్ ఉంటుంది. నచ్చకపోతే కారణాలు రాసి, బిల్లు మొదలైన సభకే తిప్పి పంపాలి, ఇదే వీటో. అప్పుడు ప్రతినిధుల సభ, సెనేట్ విడివిడిగా మూడింట రెండు వంతుల మెజారిటీతో మళ్లీ పాస్ చేస్తే ఇక ఆయన సంతకంతో పనే లేదు.

2016లో ఒబామాకి ఇదే జరిగింది. సెప్టెంబర్ 11 దాడుల బాధిత కుటుంబాలు సౌదీ అరేబియా మీద కేసు వేసుకునే వీలిచ్చే బిల్లును ఆయన వీటో చేస్తే, సెనేట్‌లో 97 మంది ఆ వీటోను కొట్టేశారు, ఆయన వైపు ఓటేసింది ఒక్కరే! సొంత పార్టీ వాళ్లే వదిలేశారన్నమాట.

మరి అధ్యక్షుడు సంతకమూ పెట్టక, తిప్పీ పంపక ఊరికే కూర్చుంటే? గడువు దాటాక అదే చట్టమైపోతుంది. కాకపోతే ఈలోపు కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) వాయిదా పడి తిప్పి పంపే వీలు లేకుండా పోతే బిల్లు చచ్చినట్టే, దీన్నే పాకెట్ వీటో అంటారు, దీన్ని ఓటేసి కొట్టేసే దారి కూడా లేదు.

నచ్చని ముక్క ఒక్కటే తీసేస్తానంటే కుదరదు. 1996లో ఆ అధికారం ఇస్తూ చట్టం చేశారు, క్లింటన్ వాడారు కూడా, 1998లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

మన దగ్గర రాష్ట్రపతి తిప్పి పంపిన మామూలు బిల్లును పార్లమెంటు సాధారణ మెజారిటీతో మళ్లీ పంపినా ఆమోదించాల్సిందే, అందుకే అక్కడి వీటో మనకి అంత వింతగా అనిపిస్తుంది.