పాఠకుల ప్రశ్నలు: చర్మ జబ్బులూ సుగంధ తైలాలూ

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా. రాత్రిళ్లు గోకి గోకి నెత్తురు తెచ్చుకుంటోంది. కొబ్బరినూనెలో కర్పూరం వేసి రాయమని మా అత్తగారు, లావెండర్ తైలం నాలుగు చుక్కలు కలపమని పక్కింటావిడ అంటున్నారు. ఏది మంచిది?
– ఒక తల్లి, పలమనేరు

జవాబు: కొబ్బరినూనె ఉంచుకోండి, మిగతా రెండూ పక్కన పెట్టండి. గానుగలో ఆడించి తీసిన నూనె కొవ్వు, చర్మం మీద పొరలా నిలుస్తుంది. ఆవిరి పట్టి తీసిన తైలం అలా కాదు. దానిలోని పదార్థాలు సన్నవి, చర్మంలోకి దిగుతాయి. ఎగ్జిమా ఉన్నచోట పై పొర ముందే దెబ్బతిని ఉంటుంది కాబట్టి మరీ సులువుగా దిగుతాయి. లావెండర్‌లోని లినలూల్ గాలి తగిలేకొద్దీ ఎలర్జీ తెచ్చే పదార్థంగా మారుతుంది. ఆ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే సాధారణంగా వదలదు. వాసన సబ్బుల్లో, పౌడర్లలో ఉండేదీ ఆ లినలూలే మరి.

కర్పూరం ఇంకా ప్రమాదం. పసిపిల్లల ఒంట్లోకి చేరితే ఫిట్స్ రావచ్చు. నీలగిరి తైలంతోనూ ఇదే భయం. మీ అత్తగారి కాలంలో అందరూ రాశారు, నిజమే. పాప మాత్రం ఆ వేళ్లు నోట్లో పెట్టుకుంటుంది కదా!

గోరువెచ్చని నీళ్లతో 5–10 నిమిషాల్లో స్నానం ముగించండి. నలుగుపిండి రుద్దొద్దు, ఆ గరుకుకే దురద రేగుతుంది. తువ్వాలుతో అద్ది, ఒళ్లు తడి ఆరకముందే వాసనలేని మాయిశ్చరైజర్ గానీ వైట్ పెట్రోలియం జెల్లీ గానీ ఒళ్లంతా పట్టించండి. రోజుకు రెండుసార్లు. అందరూ చేసే పొరపాటు పిసినారితనం: వారానికి 250 గ్రాములు పట్టినా ఎక్కువ కాదు. ఎర్రగా రేగిన చోట డాక్టరు రాసిన స్టెరాయిడ్ క్రీము చెప్పినన్ని రోజులు వాడాల్సిందే, ఏ తైలమూ దాని బదులు పనిచేయదు. పసుపు రంగు పక్కు కట్టినా, రసి కారినా, జ్వరంతో చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మొటిమల మీద టీ ట్రీ ఆయిల్ నేరుగా రాశాను. మూడోరోజుకు బుగ్గలు కమిలి పొలుసులు లేచాయి. నూనె నకిలీదా?
– డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: అసలుదైనా అలాగే కాలుస్తుంది. మొటిమలకు పరీక్షించి చూసింది 5 శాతం జెల్. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద మొటిమలకు మామూలుగా వాడే మందు, 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌తో పోల్చారు. రెండూ మొటిమలు తగ్గించాయి. టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది, మంట తక్కువ పెట్టింది. మీరు రాసింది 100 శాతం.

ముందు అన్నీ ఆపి, బుగ్గలు పూర్తిగా మానేదాకా ఉత్త మాయిశ్చరైజర్ రాయండి. మళ్లీ వాడాలనుకుంటే 5 శాతం అని రాసి ఉన్న జెల్ కొనుక్కోవడం మేలు. ఇంట్లోనే కలుపుతానంటే 9.5 మి.లీ. వాసనలేని జెల్‌కు 0.5 మి.లీ. నూనె. చుక్కలు లెక్కపెట్టొద్దు, ఒక్కో సీసా చుక్క ఒక్కో సైజు. మందుల షాపులో 1 మి.లీ. సిరంజి దొరుకుతుంది. నీళ్లలో కలపొద్దు, నూనె పైకి తేలి తగిలినచోటల్లా కాలుస్తుంది. మొటిమల ముఖానికి కొబ్బరినూనె కూడా వద్దు, రంధ్రాలు మూస్తుంది.

ముఖానికి రాసేముందు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత మేర ఉదయం, సాయంత్రం వారం రోజులు రాసి చూడండి. ఎర్రబడితే, దురద పెడితే ఆ సీసా మీకు పడదు. పడితే మూత తీసిన తేదీ సీసా మీదే రాసుకోండి. మన ఎండలకు కిటికీ పక్కన పెట్టిన నూనె త్వరగా పాడై ఎలర్జీకి దారితీస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టండి, ఏడాది దాటితే పారేయండి.

ప్రశ్న: సోరియాసిస్‌కు ఎర్రచందనం తైలం అని అమ్ముతున్నారు. కొనొచ్చా?
– తిరుపతి

జవాబు: శేషాచలం ఎర్రచందనానికి పేరు తెచ్చింది రంగు, వాసన కాదు. సువాసన తైలం వచ్చేది శ్రీగంధం నుంచి, అది వేరే చెట్టు. సీసాలో ఘుమఘుమ ఉంటే అందులో ఇంకేదో కలిసిందన్నమాట. ఆ డబ్బుతో మీ ఊరి ప్రభుత్వ ఆసుపత్రి రుయాలో చర్మ వైద్యులకు చూపించుకోండి, బస్సు ఛార్జీ పోనూ మిగులుతుంది.