ముసలి కుక్క అన్నం ముట్టకపోతే ఏం చేయాలి?

మీ 13 ఏళ్ల లాబ్రడార్ గిన్నె దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి వెళ్లిపోతోందంటే అది మారాం కాకపోవచ్చు. ముందు నోరు తెరిచి చూడండి. చిగుళ్లు వాచినా, పన్ను కదులుతున్నా నమలలేదు పాపం. కిడ్నీ జబ్బులో వికారం వల్ల కూడా తిండి మానేస్తాయి.

వయసు మీద పడితే వాసన పట్టే శక్తి తగ్గుతుంది, దాంతో తిండి మీద మనసు పోదు. అందుకే ఫ్రిజ్‌లోది గోరువెచ్చగా చేసి, ఉత్తి నీళ్లలో చికెన్ ఉడికించిన రసం రెండు చెంచాలు పైన పోయండి. మన కూర పులుసు మాత్రం వద్దే వద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. మొదటి ముద్ద చేత్తో మూతి దగ్గర పెడితే చాలాసార్లు మిగతాది అదే తినేస్తుంది. మెడ వంచలేకపోతే గిన్నె పీట మీద పెట్టండి.

24 గంటలు ఏమీ తినకపోతే వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. వాంతులైనా, నీళ్లు కూడా తాగకపోయినా అంతసేపు ఆగొద్దు.