పాత ఇంటి సామాను, కొత్త ఇంటి పని: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పర్లాకిమిడిలో మా తాతగారి పెంకుటిల్లు విప్పి, అదే స్థలంలో పిల్లర్లు వేసి మేడ కట్టబోతున్నాం. గోడలు గానుగ సున్నంతో కట్టినవి, తొమ్మిది అంగుళాల మందం. ఆ ఇటుకలు మళ్ళీ వాడొచ్చాండీ? మేస్త్రి జేసీబీ పెట్టి ఒక్క పూటలో పడగొట్టేద్దామంటున్నాడు.

జవాబు: దయచేసి జేసీబీ పెట్టించకండి. సున్నం అతుకు ఇటుక కంటే మెత్తన. గునపం మొన పెట్టి లేపితే ముందు అతుకే వదులుతుంది, ఇటుక నిండుగా చేతికొస్తుంది. సిమెంటు గోడలో ఇది తిరగబడుతుంది, అతుకు వదలకముందే ఇటుక చిట్లుతుంది. మీ గోడ సున్నంది కావడం మీకు కలిసొచ్చిన సంగతి. యంత్రంతో గుద్దితే అదంతా రాళ్ళకుప్ప అవుతుంది.

విప్పడం కట్టినదానికి సరిగ్గా ఎదురు వరసలో సాగాలి. ముందు పెంకులు, తర్వాత వాసాలు, దూలాలు, ద్వారబంధాలు, ఆఖరున గోడ పైనుంచి వరస వరసగా. గోడను పక్కకు తోసి పడేయనివ్వకండి. ఇటుకలు పగలడం ఒకటైతే, కింద మనుషులుండటం అంతకంటే పెద్ద ప్రమాదం.

కూలి గిట్టుతుందో లేదో ముందే తేల్చుకోవచ్చు. గోడ పైభాగంలో మూడడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు ముక్క విప్పించండి. 9 × 4½ × 3 అంగుళాల ఇటుకైతే ఆ మేరకు దాదాపు 80 ఉంటాయి. నిండుగా వచ్చినవి లెక్కపెట్టండి. విప్పి, గీకి, పేర్చడానికి అయిన కూలిని ఆ సంఖ్యతో భాగించండి. వచ్చిన ధరను కొత్త ఇటుక మీ గుమ్మం ముందు దిగే ధరతో పోల్చండి. ఈ లెక్క వేయకుండా ‘పాతవి చవక’ అనుకుని దిగినవాళ్ళే మధ్యలో విసిగి జేసీబీకి ఫోన్ చేస్తారు.

ఇక ఇటుక గుణం. రెండిటిని ఒకదానికొకటి తగిలిస్తే గంటలా మోగాలి, డొప్పు శబ్దం రాకూడదు. గోటితో గీస్తే గీత పడకూడదు. మూడడుగుల ఎత్తునుంచి పడుకోబెట్టినట్టు వదిలితే విరగకూడదు. తర్వాత నీటి పరీక్ష చేయండి. ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్ళలో ఉంచి, తుడిచి మళ్ళీ తూచండి. మామూలు ఇటుకకు భారత ప్రమాణం ప్రకారం పెరిగిన బరువు 20 శాతం దాటకూడదు. అంటే మూడు కిలోల ఇటుక 600 గ్రాములకు మించి నీళ్ళు తాగితే దాన్ని గోడకు పెట్టొద్దు. గోడ పైన, మధ్యన, కింద నుంచి కనీసం ఐదేసి చొప్పున చూడండి, ఎందుకంటే ఒకే ఇంట్లో రెండు బట్టీల ఇటుకలుండటం మామూలే.

నేలనుంచి మూడడుగుల లోపు ఇటుకలను, స్నానాల గది పక్కవాటిని వేరే కుప్ప వేయండి. నేల చెమ్మతో ఉప్పు పైకెక్కి వాటిలోనే పేరుకుంటుంది. వాటితో కొత్త గోడ కడితే ఒక్క వానాకాలం తిరక్కుండానే తెల్లటి పొడి పూసి, రంగు పొరలుగా లేస్తుంది. ఆ కుప్ప గచ్చు కిందకి పోతుంది.

మంచివాటిని మీ పిల్లర్ల మధ్య గోడలకు, ప్రహరీకి వాడండి. స్లాబు బరువు మోసే గోడకు వద్దు. పట్టుకున్న సున్నం పొడిని గీకి కడగాలి, లేకపోతే కొత్త మాలు (ఇటుకలు అతికే అడుసు) ఇటుకకు అంటదు. కట్టే ముందు తడపాలి. మాలు బలంగా కలపాలన్న తొందర వద్దు. సిమెంటు 1, సున్నం 1, ఇసుక 6 పాళ్ళు చాలు. మెత్తటి పాత ఇటుకకు గట్టి సిమెంటు మాలు పెడితే గోడ కదిలినప్పుడు పగులు అతుకులో కాక ఇటుకలోంచి పోతుంది. కొత్త ఇటుకను, పాత ఇటుకను ఒకే గోడలో కలపకండి. ఎత్తులు కలవక వరస తప్పుతుంది.

గీకిన పాత సున్నం ఒకసారి గట్టిపడిపోయింది, దానికి మళ్ళీ పట్టు రాదు. గుంటలు పూడ్చడానికే పనికొస్తుంది.

ప్రశ్న: బరంపురంలో 1980లలో వేసిన స్లాబు కొట్టేస్తున్నాం. ఆ కాంక్రీటు ముక్కలు, ఊచలు కొత్త స్లాబులో వాడితే ఖర్చు కలిసొస్తుందని మా బావగారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఊచల సంగతి ముందు చెబుతాం. కొత్త స్లాబు, బీము, పిల్లరు మూడింటిలోనూ పాత ఊచలు వద్దే వద్దు. ఆ కాలపు ఇళ్ళలో ఎక్కువగా మెలితిప్పిన ఊచలే ఉంటాయి. కాంక్రీటులోంచి లాగి, సమ్మెటతో కొట్టి సాపు చేసినప్పుడు వంగిన చోట కంటికి కనబడని బీటలు పడతాయి. పైగా గోపాలపురం వైపు ఉప్పుగాలి. తుప్పు ఎంత తిన్నదో తెలుసుకోవాలంటే 12 మిల్లీమీటర్ల ఊచను మీటరు కోసి తూచండి. కొత్తది 888 గ్రాములు ఉండాలి. అయితే బరువు సరిపోయినా బీట బీటే కాబట్టి, పాత ఇనుము కొట్టుకు అమ్మేయడమే మేలు.

కాంక్రీటు ముక్కలకు మాత్రం మంచి దారి ఉంది. కంకర, ఇసుకల గురించి 2016లో సవరించిన ఐఎస్ 383 అనే భారత ప్రమాణం, పాత కాంక్రీటును నలిపి చేసిన కంకరను ఇనుము లేని కాంక్రీటులో పావు వంతు వరకు, ఇనుము వేసే కాంక్రీటులో ఎం25 గ్రేడు (కాంక్రీటు బలాన్ని చెప్పే అంకె, పెరిగేకొద్దీ బలం ఎక్కువ) దాకా ఐదో వంతు వరకు, ఎం15 కంటే తక్కువ బెడ్డు (పునాది అడుగున పరిచే) కాంక్రీటులో పూర్తిగా వాడనిస్తుంది. ఇది క్రషర్‌లో నలిపి, జల్లించి, పరీక్షించిన కంకర మాట. మీ వాకిట్లో సుత్తితో కొట్టిన ముక్కలను బెడ్డుకే పరిమితం చేయండి.

ఈ కంకరకు పాత సిమెంటు పొర అంటుకుని ఉంటుంది, అది నీళ్ళు బాగా లాగేస్తుంది. కలిపిన కాసేపటికే మాలు బిగుసుకుంటే కూలీలు బకెట్టు నీళ్ళు పోసేస్తారు, అక్కడే బలం పోతుంది. ముందు రాత్రే కంకరను నానబెట్టి, పొద్దున్న పైతడి ఆరాక కలపండి. జిప్సం, ప్లాస్టిక్, చెక్క ముక్కలు ఏరేయాలి. జిప్సంలోని సల్ఫేటు సిమెంటును లోపల్నుంచి ఉబ్బించి పగలగొడుతుంది.

బేస్‌మట్టం పూడికకు వాడితే అరచేతి కంటే పెద్ద ముక్కలు వేయనివ్వకండి. ఆరేసి అంగుళాల పొరలుగా, ఇసుక చల్లి, నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టాలి. ఒకేసారి నింపితే లోపల ఖాళీలు మిగిలి, ఏడాదిలో టైల్స్ కింద డొల్ల పడుతుంది.

ప్రశ్న: గుణుపురంలో పిన్నిగారి పాత ఇంటి మంగళూరు పెంకులు, టేకు ద్వారబంధాలు మాకిస్తామన్నారు. ఏం చూసుకోవాలి?

జవాబు: పెంకు చదరపు మీటరుకు సుమారు 15 పడుతుంది. విరుగుళ్ళకు పదో వంతు అదనంగా తెచ్చుకోండి. వెనక రాసిన ఫ్యాక్టరీ పేరు చూసి వేరు చేయండి, రెండు ఫ్యాక్టరీల పెంకులు ఒకే వాలులో సరిగ్గా కూర్చోవు. పాత ఇంటి కొలత పట్టుకుని రీపర్లు (పెంకులు తగిలించే సన్న చెక్క పట్టీలు) కొట్టించకండి, రెండు పెంకులు తగిలించి అక్కడే దూరం కొలవండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు చూసిన ప్రాంతం మనది. చూరు దగ్గర రెండు వరసలను, కొప్పు దగ్గర వరసను, పెంకు అడుగున ఉన్న బెజ్జంలోంచి జీఐ తీగతో రీపరుకు కట్టించాలి.

ద్వారబంధం అడుగు భాగాన్ని సుత్తితో తట్టండి. డొల్లగా మోగితే చెద తిన్నట్టే, అంతమేర కోయించండి. ఎత్తు చాలకపోతే కింద రాతి గడప పెట్టి లేపొచ్చు. రంపం పెట్టే ముందు అయస్కాంతంతో మేకులు వెతకాలి. గోడకు ఆనే ముఖానికి తారు పూయించండి. పాత రంగును పొడిగా గీకించొద్దు, మంట పెట్టి కాల్చొద్దు. రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నియమం అమలైంది 2017 నవంబరులోనే, అంతకుముందువాటిలో ఎంతున్నా ఉండొచ్చు. తడిపి, మాస్కు పెట్టుకుని రుద్దాలి, చిన్నపిల్లల్ని ఆ వైపు రానివ్వొద్దు.

ప్రశ్న: రాయగడలో పాత సిమెంటు రేకులు ఉన్నాయి. కోసి పశువుల పాకకు వేసుకోవచ్చా?

జవాబు: కోయకండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోసినా, బెజ్జం పెట్టినా, విరిచినా లేచే సన్నటి పీచు ఊపిరితిత్తుల్లో చేరి, ఏళ్ళ తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు. నీళ్ళు చల్లి, బోల్టులు విప్పి, రేకును నిండుగా దించి, తడిగుడ్డతో తుడిచి, మందపాటి ప్లాస్టిక్ పట్టాలో చుట్టించండి. పాకకు తాటాకైనా, ఇనుప రేకైనా వేయండి.